పురుటికి కాదు, పూలకు రమ్మందాం

మొన్న ఆదివారం గడియారాన్ని గంట ముందుకు తిప్పుకున్నాం. గంట నిద్ర పోయింది గానీ, సాయంత్రం ఏడింటికి ఇంకా వెలుతురు ఉంది. మిస్సిసాగాలో మా ఇంటి ముందు డిసెంబర్ నుంచి పారతో తోసి పోగేసిన మంచు, ఉప్పూ మట్టీ కలిసి నల్లదిబ్బగా గడ్డకట్టింది. అది ఇప్పుడు సగానికి దిగింది. అందులోంచి క్రిస్మస్ ముందు మావాడు పోగొట్టుకున్న గ్లౌజు బయటపడింది. మా ఇంట్లో చలికాలం అయిపోయిందనడానికి అదే గుర్తు.

ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక మేమిద్దరం ఫ్రిజ్ మీద క్యాలెండర్ తీసి భోజనాల బల్ల మీద పరుచుకున్నాం. ఏటా మార్చిలో మాకిదొక తంతు. ఇంటి బడ్జెట్ మాకు పెద్ద తలనొప్పి కాదు, సెలవుల లెక్కే ఎప్పుడూ తేలదు. ఒంటారియో చట్టం ప్రకారం ఏడాదికి రెండు వారాల సెలవు. ఒకే సంస్థలో ఐదేళ్లు దాటితే మూడు వారాలు. మావారు మూడు వారాల మనిషి, రెండేళ్ల కింద ఉద్యోగం మారిన నేను రెండు వారాల మనిషిని. ఈ పాతిక రోజుల్లోనే ఇండియా ప్రయాణం, పిల్లల జ్వరాలు, బంధువుల పెళ్లిళ్లు, 'ఈసారైనా బాన్ఫ్ చూద్దాం' అనే మాట, అన్నీ సర్దాలి.

మావారి లిస్టులో మొదటిది, మేలో ఖమ్మంలో ఆయన తమ్ముడి గృహప్రవేశం. రెండోది బాన్ఫ్. నా లిస్టులో ఒకటే ఉంది. ఈ వసంతానికి మా అమ్మను పిలవాలి.

'మీ అమ్మగారు రెండుసార్లు వచ్చారు కదా' అన్నారాయన. తప్పు పట్టడానికి అన్న మాట కాదు, గుర్తుచేసుకుంటూ అన్నారంతే. నిజమే, వచ్చారు. ఎప్పుడు వచ్చారో చెబితే ఈ వ్యాసం ఎందుకు రాస్తున్నానో మీకే తెలుస్తుంది.

మా అమ్మాయి 2016 డిసెంబర్‌లో పుట్టింది. అమ్మానాన్న నవంబర్‌లో వచ్చి మార్చి చివర్లో వెళ్లారు. బాబు 2020 జనవరిలో పుట్టాడు. మళ్లీ నవంబర్‌లో వచ్చి, 2020 మార్చి మొదటివారంలో వెళ్లారు. ఇంకో రెండు వారాలు ఆలస్యమైతే విమానాలు ఆగిపోయి ఇక్కడే చిక్కుకునేవారు. అలా రెండు కాన్పులకు వచ్చి, రెండు చలికాలాలు ఉండి, రెండుసార్లూ చెట్లకు ఒక్క ఆకు లేకుండానే ఈ దేశం చూసి వెళ్లిపోయారు. కెనడాలో వాళ్లు బాగా ఎరిగిన చోట్లు మూడు: మా వంటిల్లు, పిల్లల డాక్టరు క్లినిక్, కాస్ట్‌కో.

మా అత్తయ్యా మామయ్యా కూడా రెండుసార్లు వచ్చారు. 2018లో ఒక వేసవి, 2023లో ఒక వేసవి. నయాగరా చూశారు, థౌజండ్ ఐలాండ్స్‌లో పడవెక్కారు. మామయ్య షార్ట్స్ వేసుకుని దిగిన ఫోటో ఖమ్మంలో హాల్లో ఫ్రేము కట్టి ఉంది. వాళ్లను తీసుకెళ్లినందుకు నాకు సంతోషమే. మా అత్తయ్యే నయాగరా దగ్గర తడిసిన రెయిన్‌కోటు విప్పుతూ 'మీ అమ్మకు కూడా ఇది చూపించాలమ్మా' అంది. ఆ మాట అన్నది ఆవిడ. నాకు గుర్తు రాలేదు.

ఇది ఒక్క మా ఇంటి కథ అయితే పేపర్లో రాయను. మీ ఇంట్లో, మీ వీధిలో తెలుగువాళ్ల ఇళ్లలో ఒకసారి లెక్క వేసి చూడండి. అమ్మాయి తల్లిదండ్రులు కాన్పుకు వస్తారు, అబ్బాయి తల్లిదండ్రులు చూడ్డానికి వస్తారు. ఎవరూ కూర్చుని నిర్ణయించింది కాదు, పుట్టింటి పురుడు అనే ఆచారం విమానమెక్కి వచ్చేసింది. ఊళ్లో అయితే కూతురు పుట్టింటికి వెళ్లేది. అక్కడ అమ్మకు ఇరుగూ పొరుగూ, పిన్నీ, పనిమనిషీ ఉండేవారు. ఇక్కడ పుట్టిల్లే పెట్టె సర్దుకుని కూతురి దగ్గరికొస్తోంది. సాయానికి ఎవరూ లేని ఇంట్లో ఆరవై దాటిన మనిషి ఒక్కతే పథ్యం వండి, బిడ్డకు నీళ్లుపోసి, పెద్దపిల్లకు అన్నం తినిపించి, గిన్నెలు కడుగుతోంది. బయట చూస్తే నాలుగున్నరకే చీకటి, ఫుట్‌పాత్ మీద నల్లమంచు. జారితే తుంటి విరుగుతుందని మనమే తలుపు దాటనివ్వం.

మా నాన్నది అనకాపల్లి దగ్గర ఊరు. చెరకు రైతు, బెల్లం వండేవారు. అక్కడ గానుగాట సంక్రాంతి ముందూ వెనకా జోరుగా సాగుతుంది. ఆ రోజుల్లో నాన్నను ఊరు దాటించడం ఎవరి తరమూ కాదు, సొంత చెల్లెలి పెళ్లిలో కూడా తాళి కట్టగానే పొయ్యి దగ్గరికి వెళ్లిపోయారట. అలాంటి మనిషి నా కోసం రెండు సీజన్లు వదులుకున్నారు. మొదటిసారి మా బాబాయికి అప్పగించారు. రెండోసారి పొలమే కౌలుకిచ్చారు. ఇక్కడికొచ్చి బేస్‌మెంట్ కిటికీ దగ్గర కూర్చుని మనవరాలిని కాళ్ల మీద పడుకోబెట్టుకుని ఊపేవారు.

ఇప్పుడు నన్ను కుదురుగా ఉండనివ్వని సంగతి చెబుతాను. ఆయన వెళ్లిన మార్చి చివరి వారాల్లోనే, మా ఇంటికి అరగంట కారు దూరంలో, ఈ దేశపు గానుగాట జరుగుతోంది.

మేపుల్ సిరప్ మనకు కాస్ట్‌కో సీసాలో తెలుసు. అది ఎలా తయారవుతుందో నేను 2024లో పిల్లల స్కూలు ట్రిప్పుకు తోడు వెళ్లి మొదటిసారి చూశాను. రాత్రి గడ్డకట్టేంత చలి, పగలు కాస్త ఎండ ఉంటేనే షుగర్ మేపుల్ చెట్టులో నీరు కదులుతుంది. ఆ కాలం ఫిబ్రవరి చివర్నుంచి ఏప్రిల్ మొదటి వారాల దాకా కొన్నాళ్లే. ఈతచెట్టుకు గాటు పెట్టి ముంత కట్టినట్టు, ఇక్కడ కాండానికి చిన్న రంధ్రం చేసి గొట్టం దిగ్గొట్టి బకెట్ తగిలిస్తారు. చుక్కచుక్కగా పడే ఆ నీరు చూడ్డానికి మంచినీళ్లే, నాలుక చివర కాస్త తీపి. నలభై లీటర్లు కాస్తే ఒక లీటరు సిరప్ వస్తుంది. తెల్లవాళ్లు ఈ నేల మీద కాలు పెట్టకముందే ఆనిషినాబే వంటి ఆదివాసులు దీన్ని కాచి చక్కెర చేసుకునేవారు.

ఆ షెడ్డులోకి అడుగుపెట్టగానే ఆవిరి ముఖానికి కొట్టింది. కట్టెల పొయ్యి, దాని మీద వెడల్పాటి పొడుగు పెనం, తెట్టె తీసే మనిషి, పాకం వాసన. నేను అనకాపల్లిలో ఉన్నాను. నురగ పొంగి వస్తే ఆ ముసలాయన చిన్న వెన్నముక్క వేశాడు. పొంగు కూర్చుంది. మా నాన్న ఆముదం చుక్క వేసేవారు! అదే పని, అదే ఒడుపు. ఆ ఇద్దరినీ పక్కపక్కన నిలబెడితే భాష లేకుండా గంటసేపు మాట్లాడుకునేవారు. నాన్న 2023లో పోయారు. ఆ షెడ్డుకు టికెట్ ఇరవై డాలర్లు కూడా లేదు. ఒక్క ఆదివారం చాలు. ఆ ఒక్క ఆదివారం అప్పుడు మాకు తట్టలేదు.

'చలికాలంలో పుట్టిన పిల్లకు వేసవిలో పురుడు పోస్తారా?' అని మీరడగొచ్చు. పొయ్యక్కర్లేదు. కానీ ఆ భారమంతా ఒక పెద్దావిడ మోకాళ్ల మీద పెట్టాల్సిన అవసరం ఈ దేశంలో లేదు. ఇక్కడ తల్లికి పదిహేను వారాల మెటర్నిటీ భృతి ఉంది. ఆపైన పేరెంటల్ భృతి తల్లిదండ్రులిద్దరికీ కలిపి నలభై వారాల దాకా ఉంది. అందులో ఒకరే వాడుకోగలిగింది ముప్ఫై ఐదు. మిగతా ఐదూ రెండోవాళ్లు తీసుకుంటేనే, లేకపోతే పోతాయి. 2019 మార్చి నుంచి ఈ ఏర్పాటుంది. 2020లో మావారు ఆ ఐదు వారాలు తీసుకోలేదు. ఎందుకంటే అత్తగారు ఉన్నారు కదా! ఈ పేరా ఆయనకు చదివి వినిపించాను. 'రాయి, నిజమే కదా' అన్నారు.

కాన్పుకు అమ్మ రావాలని ఏ కూతురికైనా ఉంటుంది. నాకూ ఉండింది, మళ్లీ అయినా పిలుస్తాను. వచ్చిన మనిషిని ఇంకో రెండు నెలలు ఆపండి అంటున్నాను, అంతే. ఇప్పుడు దానికి అడ్డం కూడా పెద్దగా లేదు. మామూలు విజిటర్ వీసా మీద ఆరు నెలల గడువు చూసుకుని లెక్కపెట్టుకునేవాళ్లం. సూపర్ వీసా మీద వచ్చినవారు 2022 జూలై నుంచి ఒక్క రాకకు ఐదేళ్ల దాకా ఉండొచ్చు. ఖర్చు ఉంది. కనీసం లక్ష డాలర్ల కవరేజీతో ఏడాది ఆరోగ్య బీమా కావాలి, ఎందుకంటే విజిటర్లకు మన ఓహిప్ వర్తించదు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు తీసుకునేటప్పుడు పాత జబ్బుల గురించిన షరతు పూర్తిగా చదవండి. మందు మోతాదు ఈమధ్య మారితే కొన్ని పాలసీలు ఒప్పుకోవు. చౌకగా ఉందని సంతకం పెట్టొద్దు. ఇక పీఆర్ వచ్చాక తీరిగ్గా చూపిద్దాం అనుకునేవారికి ఒక మాట. 2025లో కూడా ప్రభుత్వం తల్లిదండ్రుల స్పాన్సర్‌షిప్‌కు పిలిచింది 2020లో పేరిచ్చినవాళ్లనే. మా నాన్న పేరు కూడా ఆ 2020 జాబితాలో ఉండేది.

వాళ్లకు ఏం చూపించాలి అంటే బాన్ఫ్ దాకా వెళ్లక్కర్లేదు. టొరంటో హై పార్క్‌లో చెర్రీ చెట్లు ఏప్రిల్ చివర, మే మొదట్లో పూస్తాయి. 1959లో టోక్యో ప్రజల తరఫున రెండు వేల మొక్కలు కానుకగా వచ్చాయి. పువ్వు నిండుగా ఉండేది వారం పది రోజులే, వాన పడితే అదీ ఉండదు, కాబట్టి శనివారం దాకా ఆగకుండా మధ్యలో ఒక సెలవు పెట్టండి. మేలో ఒటావాలో తులిప్ పండుగ. ఐదు గంటల ప్రయాణం. ఆ పూల కథ మా అమ్మకు చెప్పాలని దాచుకున్నాను.

రెండో ప్రపంచ యుద్ధంలో నెదర్లాండ్స్ రాకుమారి యులియానా ప్రాణభయంతో పిల్లలతో ఒటావా చేరింది. 1943 జనవరిలో, గడ్డకట్టే చలిలో, అక్కడి ఆసుపత్రిలో మూడో కూతుర్ని కన్నది. పుట్టే బిడ్డకు తల్లి దేశపు పౌరసత్వం ఒక్కటే ఉండేలా, ఆ పురిటిగది తాత్కాలికంగా ఈ దేశపు పరిధిలో లేదని కెనడా ప్రకటించింది. యుద్ధం ముగిశాక 1945లో ఆ కుటుంబం కృతజ్ఞతగా లక్ష తులిప్ దుంపలు పంపింది. ఇప్పటికీ ఏటా పంపుతూనే ఉన్నారు. ఒక్క పురుడుకు ఎనభై ఏళ్లుగా పూలు! మా ఇంట్లో రెండు పురుళ్లు పోసిన అమ్మకు నేనిచ్చి పంపింది రెండు చాక్లెట్ డబ్బాలు, ఒక బాదం పప్పు ప్యాకెట్. అవి కూడా ఊళ్లో పంచడానికే.

చివరికి మా క్యాలెండర్ ఇలా తేలింది. ఖమ్మం గృహప్రవేశానికి మావారు ఒక్కరే ఎనిమిది రోజులకు వెళ్తారు. మరిది కాస్త అలిగాడు, అత్తయ్య సర్దిచెప్పింది. బాన్ఫ్ వచ్చే ఏడాదికి. నా పది రోజులూ అమ్మకు. ఉగాది ముందురోజు కొత్త అమావాస్యకు నూకాలమ్మ జాతర చూడకుండా ఆవిడ ఊరు కదలదు కాబట్టి ఈ నెల 24కు టికెట్ తీశాం. గుడ్ ఫ్రైడే వారాంతం నాటికి చెట్లలో నీరు ఇంకా ఆడుతుందనే మా ఆశ. ఈ ఏడు మార్చి మరీ వేడెక్కకూడదు. పదేళ్లుగా చలిని తిట్టిన నేను ఇప్పుడు రాత్రిళ్లు సున్నా కిందకు దిగాలని ఫోనులో వాతావరణం చూస్తున్నాను.

టికెట్ సంగతి చెబుదామని ఫోన్ చేస్తే అమ్మ మొదట అడిగింది, 'ఎవరికే, నీకేనా?' అని. నాకు నలభై రెండేళ్లు. కాదమ్మా, ఎవరికీ ఏమీ లేదు, ఊరికే రా అన్నాను.

'ఊరికే వచ్చి నేనేటి చెయ్యాలే అక్కడ?'

'ఏమీ చెయ్యొద్దు. పూలు చూద్దాం. బెల్లం పొయ్యి చూద్దాం.'

'మంచు దేశంలో చెరకెక్కడిదే?'

చెట్టు నీళ్లతో కాస్తారని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. ఆ పక్కన ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

'మరి మడ్డి దేనితో విరుస్తారు? మనలాగే సున్నం వేస్తారా, బెండ జిగురా?'

నాకు తెలీదన్నాను. ఆ రోజు అడగలేదు.

'అదేటే, అంత దూరం వెళ్లి అది అడగలేదా!' అంది అమ్మ.