ఫోన్లో ఖబీబ్, మన గడ్డ మీద నిఖత్: కుస్తీ కలలు కనే పిల్లలకు ఏ దారి?

ఇషా నమాజ్ అయ్యాక సూర్యాపేటలోనో, కోదాడలోనో, మిర్యాలగూడలోనో చాయ్ హోటల్ ముందు నలుగురు కుర్రాళ్లు కూర్చున్నారంటే ఏదో ఒక టైంకు ఆ వీడియో బయటికి వస్తుంది. 2020 అక్టోబరు 24, అబుదాబి. ఖబీబ్ నూర్మగొమెదోవ్ రెండో రౌండ్‌లో జస్టిన్ గేత్జీ మెడను కాళ్లతో బిగించి పడేశాడు. గెలిచిన మనిషి ఎగిరి గంతేయలేదు, కింద కూలబడి ఏడ్చాడు. చేతి గ్లౌజులు విప్పి రింగు మధ్యలో పెట్టి, ఇదే నా చివరి ఫైట్ అన్నాడు. అంతకు మూడు నెలల ముందు, జులై 3న, కరోనా తర్వాత వచ్చిన సమస్యలతో అబ్బా అబ్దుల్‌మనాప్ చనిపోయారు. అబ్బా లేకుండా ఇక రింగులోకి దిగనని అమ్మీకి మాట ఇచ్చానని అక్కడే చెప్పాడు. మొత్తం 29 ఫైట్లు, 29 గెలుపులు. ఒక్క ఓటమి లేదు.

పేరు కోసం, డబ్బు కోసం తల్లి మాట జవదాటని చాంపియన్. ముస్లిం కుర్రాళ్లకు ఇంతకంటే నచ్చే కథ ఏముంటుంది? పెద్దలకూ నచ్చుతుంది. చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఇంటర్ ఫెయిలైన కొడుకు ఓ రోజు వచ్చి “చదువు నా వల్ల కాదు, హైదరాబాద్ పోయి ఎంఎంఏ నేర్చుకుంటా” అన్నప్పుడు. అబ్బా ఏం చెప్పాలి? తిట్టి కూర్చోబెడితే వాడు వినడు. పంపిస్తే ఆ దారి ఎటు పోతుందో ఇంట్లో ఎవరికీ తెలియదు.

ముందు ఖబీబ్ దారినే చూద్దాం. రష్యాలోని దాగెస్తాన్ కొండల్లో పుట్టాడు. అబ్బానే కోచ్. చిన్నప్పుడు కుస్తీ, తర్వాత జూడో, ఆపైన రష్యన్ సాంబో. కంబాట్ సాంబోలో రెండుసార్లు ప్రపంచ చాంపియన్. ప్రొఫెషనల్ ఎంఎంఏలో అడుగుపెట్టింది 2008లో, అమెరికా సంస్థ యూఎఫ్‌సీలో మొదటి ఫైట్ 2012లో, లైట్‌వెయిట్ టైటిల్ చేతికొచ్చింది 2018 ఏప్రిల్‌లో. అంటే ప్రొఫెషనల్ అయ్యాక కూడా దాదాపు పదేళ్లు. మధ్యలో గాయాల వల్ల రెండేళ్లు అసలు ఫైటే లేదు. 2017 మార్చిలో బరువు తగ్గించుకోబోయి ఆస్పత్రి పాలయ్యాడు, ఫైట్ రద్దయింది. 2018 అక్టోబరులో కానర్ మెక్‌గ్రెగర్‌ను ఓడించాక కంచె దూకి అవతలి వాళ్ల మీద పడినందుకు 5 లక్షల డాలర్ల జరిమానా, తొమ్మిది నెలల సస్పెన్షన్ కూడా పడ్డాయి. ఆ దూకిన సీనే మన పిల్లలకు ఎక్కువ ఇష్టం. జరిమానా సంగతి వీడియోలో ఉండదు కదా.

ఇక డబ్బు. యూఎఫ్‌సీలో ఫైటర్‌కు నెల జీతం ఉండదు. కాంట్రాక్టు మీద ఫైటుకు ఇంత అని ఇస్తారు. కోచ్, ప్రాక్టీసు, తిండి ఖర్చు ఫైటర్ నెత్తినే. గాయమై ఏడాది ఇంట్లో కూర్చుంటే ఆ ఏడాది ఫైటు డబ్బు లేనట్టే. తమకు రావాల్సిన దానికంటే బాగా తక్కువ ఇచ్చారని పాత ఫైటర్లు అమెరికాలో కోర్టుకెక్కితే, కంపెనీ 37.5 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. ఆ ఒప్పందానికి 2025 ఫిబ్రవరిలో కోర్టు తుది ఆమోదం ఇచ్చింది. ప్రపంచంలోనే పెద్ద సంస్థలో పరిస్థితి ఇది. మన దేశం నుంచి అక్కడిదాకా పోయినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఉత్తరాఖండ్ కుర్రాడు అన్షుల్ జుబ్లీ 2023లో రోడ్ టు యూఎఫ్‌సీ టోర్నీ గెలిచాడు. ఉత్తరప్రదేశ్ అమ్మాయి పూజా తోమర్ 2024 జూన్‌లో యూఎఫ్‌సీలో ఫైట్ గెలిచిన మొదటి భారతీయురాలైంది.

తెలుగు నేల మీద ఎంఎంఏలో ఆ స్థాయి చాంపియన్ ఇంకా రాలేదు. కానీ పిడికిలితో ప్రపంచాన్ని గెలిచిన ముస్లిం బిడ్డ మనకు ఉంది. నిజామాబాద్ నిఖత్ జరీన్. ఆట వేరు, ఆమెది ఒలింపిక్ బాక్సింగ్. అయినా మన ఇళ్లకు పనికొచ్చే పాఠం దాగెస్తాన్ కంటే ఆమె కథలోనే ఎక్కువ ఉంది. ఎందుకంటే ఆమె ఎక్కిన మెట్లు మన రాష్ట్రంలోనే ఉన్నాయి. హైదరాబాద్‌కు నిజామాబాద్ ఎంత దూరమో, ఇటు కోదాడ కూడా దాదాపు అంతే దూరం.

నిఖత్ 1996 జూన్ 14న పుట్టింది. నలుగురు ఆడపిల్లల్లో మూడోది. అబ్బా జమీల్ అహ్మద్ ఒకప్పటి ఆటగాడు, సౌదీలో ఏళ్ల తరబడి సేల్స్ ఉద్యోగం చేసి వచ్చిన మనిషి. ఆ మాట చాలు, మన వీధుల్లో సగం ఇళ్లకు ఆయన చుట్టం లాగే అనిపిస్తారు. మొదట కూతురిని పరుగు పందేల కోసం గ్రౌండుకు తీసుకెళ్లేవారు. అక్కడ బాక్సింగ్‌లో అబ్బాయిలు తప్ప ఆడపిల్లలు ఎందుకు లేరని ఆమె అడిగింది. అలా మొదలైంది. ఊళ్లోనే శంసముద్దీన్ అనే కోచ్ ఉన్నారు, అబ్బాయిలతోనే ప్రాక్టీసు చేయించారు. తొలి రోజుల్లో కన్ను వాచి ఇంటికి వస్తే అమ్మీ పర్వీన్ సుల్తానా ఏడ్చింది, మొహం పాడైతే నిన్నెవరు చేసుకుంటారని. పేరొస్తే పెళ్లికొడుకులే లైన్ కడతారని పిల్ల నవ్వేసింది. పొట్టి నిక్కర్లు వేసుకునే ఆట ఆడపిల్లకెందుకని బంధువులు, తెలిసినవాళ్లు అనని మాట లేదు. జమీల్ సాబ్ వాళ్లతో గొడవపడలేదు, కూతురిని ఆపనూ లేదు.

2009లో విశాఖపట్నంలోని సాయ్ కేంద్రానికి వెళ్లింది, ద్రోణాచార్య అవార్డు పొందిన ఐ. వెంకటేశ్వరరావు దగ్గర శిక్షణ. 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ చాంపియన్. అప్పటికి పదిహేనేళ్లు కూడా సరిగ్గా నిండలేదు. ఇక్కడితో కథ అయిపోయి ఉంటే అది కూడా ఒక నిమిషం వీడియోనే అయ్యేది. ఆ తర్వాత సీనియర్ ప్రపంచ టైటిల్‌కు ఆమె పదకొండేళ్లు ఆగింది. 2017లో భుజం గాయం దాదాపు ఏడాది తినేసింది. 2019లో ఒలింపిక్ క్వాలిఫయర్‌కు ట్రయల్ లేకుండానే మేరీ కోమ్‌ను పంపే మాట వచ్చినప్పుడు, నాకూ ఒక న్యాయమైన అవకాశం ఇవ్వండని కేంద్ర క్రీడల మంత్రికి లేఖ రాసింది. ట్రయల్ పెట్టారు. డిసెంబరులో ఆ బౌట్‌లో 9-1తో ఓడిపోయింది, మేరీ కోమ్ చేయి కూడా కలపలేదు. దేశమంతా చూసింది. ఆ వయసులో అది తట్టుకోవడం మాటలు కాదు.

2022 మే 19న ఇస్తాంబుల్‌లో థాయ్‌లాండ్ బాక్సర్ జిత్పాంగ్ జుతమాస్‌ను 5-0తో ఓడించి ప్రపంచ చాంపియన్ అయింది. అదే ఏడాది బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం. 2023 మార్చిలో ఢిల్లీలో 50 కిలోల విభాగంలో రెండోసారి ప్రపంచ టైటిల్. తర్వాత పారిస్. 2024 ఆగస్టు 1న చైనా బాక్సర్ వూ యూ చేతిలో 0-5. ఆ వూ యూనే చివరికి స్వర్ణం కొట్టుకుపోయింది. బరువు కోసం రెండు రోజులు తిండి సరిగా లేదని నిఖత్ తర్వాత చెప్పుకుంది. 2025 ప్రపంచ పోటీల్లోనూ పతకం దాకా రాలేకపోయింది, కానీ అదే ఏడాది నవంబరులో గ్రేటర్ నోయిడాలో వరల్డ్ బాక్సింగ్ కప్ ఫైనల్స్‌లో స్వర్ణం గెలిచింది. ఓటమి లేని రికార్డు కాదిది. ఓడిన ప్రతిసారీ మళ్లీ నిలబడ్డ రికార్డు.

తల్లిదండ్రులు ఇంకో సంగతి గమనించాలి. ప్రపంచ చాంపియన్ కాకముందే, 2021లోనే, ఆమెకు బ్యాంక్ ఆఫ్ ఇండియాలో ఉద్యోగం ఉంది. 2022లో రాష్ట్ర ప్రభుత్వం 2 కోట్ల రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. 2024లో పోలీసు శాఖలో డీఎస్పీ. అదే ఊరి, అదే శంసముద్దీన్ కొడుకు హుసాముద్దీన్‌కు 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యాలు, 2023 ప్రపంచ పోటీల్లో కాంస్యం వచ్చాయి. ఆ సెమీస్‌కు మోకాలి గాయంతో దిగలేకపోయాడు. అతనికీ ఆర్మీ ఉద్యోగం వెనక ఉంది. మోకాలు పోయినా ఇంట్లో పొయ్యి ఆరదు. కేవలం జిమ్‌లో నేర్చుకుని ప్రొఫెషనల్ ఫైట్లకు పోయే కుర్రాడికి ఈ ఆసరా ఎక్కడ?

అందుకే ఎంఎంఏ కావాలా వద్దా అన్నది తర్వాతి ప్రశ్న. ముందు ఏ ఆటతో మొదలుపెట్టాలన్నది తేల్చుకోవాలి. బాక్సింగ్, కుస్తీ, జూడోకు స్కూల్ గేమ్స్ ఉన్నాయి, జిల్లా, రాష్ట్ర, జాతీయ పోటీలు ఉన్నాయి, సాయ్ కేంద్రాలు ఉన్నాయి, సర్టిఫికెట్ ఉంటే స్పోర్ట్స్ కోటా ఉంది, రైల్వే, ఆర్మీ, పోలీసు ఉన్నాయి. ఎంఎంఏకు మన దగ్గర ఈ మెట్లు ఇంకా కట్టలేదు. 2026లో జపాన్‌లోని ఐచి-నగోయా ఆసియా క్రీడల్లో దాన్ని చేర్చారు కాబట్టి రేపు మారొచ్చు. మారినా నష్టం లేదు. కుస్తీ, జూడో వచ్చినవాడు తర్వాత ఎంఎంఏలోకి పోవచ్చు, ఖబీబ్ చేసిందీ అదే. జిమ్‌లో రెండేళ్లు అన్నీ కొంచెం కొంచెం నేర్చుకున్నవాడు వెనక్కి వచ్చి కుస్తీలో జాతీయ పతకం కొట్టడం మాత్రం చాలా కష్టం.

దీన్ సంగతి కూడా దాటవేయకూడదు. ఇళ్లలో ఈ ప్రశ్న వస్తుంది, రావాలి కూడా. మొహం మీద కొట్టొద్దన్న హదీసు బుఖారీ, ముస్లింలలో ఉంది. మక్కాలోని రాబితా ఫిఖ్ కౌన్సిల్ 1987లో బాక్సింగ్ జాయిజ్ కాదని తీర్మానించింది. తలకు రక్షణ, పాయింట్ల లెక్కతో ఆడే అమెచ్యూర్ ఆటను దానితో కలపొద్దని వాదించేవాళ్లూ ఉన్నారు. రెండింటికీ తేడా లేకపోలేదు. మహిళల ఒలింపిక్ బాక్సింగ్‌లో హెడ్‌గార్డ్ పెట్టుకుంటారు, గ్లౌజు 10 ఔన్సులది. ఎంఎంఏ గ్లౌజు కేవలం 4 ఔన్సులు, కింద పడ్డ మనిషిని కూడా కొట్టొచ్చు. ఇక కుస్తీ విషయంలో, రుకానా అనే పహిల్వాన్‌తో ప్రవక్త (స) కుస్తీ పట్టి గెలిచిన రివాయత్ అబూ దావూద్‌లో ఉంది. పాత హైదరాబాద్‌లో తాలీంఖానాలు, పహిల్వాన్లు ఉన్నది ఊరికే కాదు. ఆడపిల్లల డ్రెస్ మీద అభ్యంతరం ఉన్న ఇళ్లకు ఇంకో మాట: అంతర్జాతీయ బాక్సింగ్ సంఘం 2019లోనే హిజాబ్‌ను, ఒళ్లంతా కప్పే దుస్తులను అనుమతించింది. ఏ ఇల్లు ఏది పాటించాలో ఆ ఇంటివాళ్లు తమ ఆలిం సాబ్‌ను అడిగి తేల్చుకోవాలి. ఫీజు కట్టి ఆరు నెలలు అయ్యాక కాదు, కట్టకముందే అడగాలి.

ఇక మన మూడు పట్టణాలు. మిర్యాలగూడ రైసు మిల్లుల్లో, సూర్యాపేట మార్కెట్లో మూటలెత్తే ఇళ్ల పిల్లల్లో బలానికి కొదవ లేదు. నిజామాబాద్‌కు కలిసొచ్చింది బలం ఒక్కటే కాదు. ఊళ్లో ఏళ్ల తరబడి కదలకుండా కూర్చుని, ఒకరి తర్వాత ఒకరిని తయారుచేసిన కోచ్ ఉన్నారు. ఆయన లేకపోతే జమీల్ సాబ్ ధైర్యం ఒక్కటే ఏం చేసేది? కాబట్టి ఇక్కడి కౌన్సిలర్లను, ఎమ్మెల్యేలను అడగాల్సింది ఓపెన్ జిమ్ పరికరాలు, పండగకు కప్పులు, షాల్వాలు కాదు. జిల్లా కేంద్రంలో బాక్సింగ్‌కో, కుస్తీకో, జూడోకో జీతమిచ్చి పెట్టిన కోచ్ ఎవరు, వారంలో ఎన్ని రోజులు వస్తాడు, చాపలు ఉన్నాయా, ఆడపిల్లలకు వేరే టైం ఉందా అని అడగాలి. మసీదు కమిటీలు, షాదీఖానా కమిటీలు కూడా ఈ ప్రశ్న వేయొచ్చు. మన పిల్లలు పెద్ద సంఖ్యలో చదివే మైనారిటీ గురుకులాల్లో హాస్టల్ ఉంది, పొద్దున లేపే వార్డెన్ ఉన్నాడు, మూడు పూటలా తిండి ఉంది. జూడో చాపలు పరిచి ఒక కోచ్‌ను ఇస్తే చాలు, సగం శిక్షణ కేంద్రం అక్కడే తయారుగా ఉంది.

వయసు విషయం మాత్రం ఇప్పుడే చూసుకోవాలి. హకీంపేట స్పోర్ట్స్ స్కూల్లో పిల్లలను తీసుకునేది నాలుగో తరగతిలో. మండలం, జిల్లా, రాష్ట్రం అని మూడు వడపోతలు ఉంటాయి. చాయ్ హోటల్ ముందు ఖబీబ్‌ను చూస్తున్న ఇంటర్ కుర్రాడికి ఆ తలుపు ఎప్పుడో మూసుకుపోయింది. వాడికి మిగిలింది ఊళ్లో కోచ్, కాలేజీ జట్టు, చేతిలో ఒక డిగ్రీ. కానీ ఇంట్లో వాడి చిన్న తమ్ముడు ఉన్నాడు, చెల్లెలు ఉంది. ఈ ఏడాది వాళ్లు మూడో తరగతి అయితే, సెలక్షన్ నోటిఫికేషన్ ఎప్పుడు వస్తుందో స్కూల్లో పీఈటీ సార్‌ను అడిగి రాసి పెట్టుకోవాల్సింది ఆ ఖబీబ్ అభిమానే.