మట్టి చెప్పే సాక్ష్యం

కిందటి సంచిక చదివి ఒక సోదరి మాకు జాబు వ్రాశారు. “పాత కోటలూ, స్తూపాలూ తవ్వేవారిని పోలీసువారు హత్యకేసులలో పిలిపిస్తారని మా అబ్బాయి అంటున్నాడు. తాతలనాటి కుండపెంకులు ఏరుకొనేవారికి నిన్నమొన్నటి నేరంతో ఏమి పని?” అని ఆమె ప్రశ్న. మంచి ప్రశ్నే. మాకు తెలిసినంతలో జవాబు చెబుతాము.

మేము గుమాస్తాలము గనుక ఆఫీసు సంగతితోనే మొదలుపెడతాము. రికార్డుగదిలో కాగితాల కట్ట ఉంటుంది. ఏనాటి కాగితం ఆనాడు పైన పడుతుంది. అడుగుది పాతది, పైది కొత్తది. ఎవరైనా నడుమ నుంచి ఒకటి లాగి వేరొకటి దూర్చితే పాత గుమాస్తా కన్ను ఇట్టే పట్టేస్తుంది. ట్యాగు కన్నం సరిపడదు, దుమ్ముగీత కలియదు. భూమి కూడ ఇటువంటి కట్టే. పొరమీద పొర, ఏ కాలపు మన్ను ఆ కాలానిదే. ఒకడు రాత్రివేళ గొయ్యి తీసి, మళ్ళీ పూడ్చి, పైన చదును చేశాడనుకోండి. పైమన్నూ అడుగుమన్నూ కలిసిపోతాయి. వాటిని విడదీసి ఎప్పటిలా పేర్చడం ఎవరి తరమూ కాదు. కొన్నాళ్ళకు పూడ్చిన మన్ను కుంగుతుంది. అక్కడ మొలిచే గడ్డి చుట్టుపక్కల గడ్డిలా ఉండదు. గోతి అంచున పారదెబ్బల గుర్తులు కూడ ఒక్కొక్కప్పుడు నిలిచి ఉంటాయి. పూడిక అడుగున ఒక నాణెం దొరికితే, దానిమీది సంవత్సరానికి ముందు ఆ గొయ్యి పూడ్చి ఉండరని తేలిపోతుంది.

ఇవన్నీ గునపాలతో గబగబా తవ్వితే దక్కవు. అందుకే తవ్వకం తెలిసినవారు ముందుగా తాళ్ళు కట్టి నేలను గళ్ళుగా విభజిస్తారు. తాపీతో, కుంచెతో కొద్దికొద్దిగా మన్ను తీస్తారు. ఏ వస్తువు ఎక్కడ, ఎంత లోతున ఉన్నదో కొలిచి, ఫొటో తీసి, వ్రాసుకొన్న తరువాతనే కదుపుతారు. తీసిన మన్నంతా జల్లెడ పడతారు. ఒక పన్ను, ఒక గుండీ, ఒక తుపాకిగుండు జల్లెడలోనే గదా దొరికేది! తవ్విన చోటు మళ్ళీ తవ్వడానికి ఉండదు. ఒకసారి చెదిరిన సాక్ష్యాన్ని ఏ కోర్టూ తిరిగి తెప్పించలేదు.

ఈ మాటకు ఋజువు దక్షిణ అమెరికాలోని అర్జెంటీనా. అక్కడ 1976 నుంచి 1983 వరకు సైనికులు రాజ్యం చేశారు. వేలాది యువతీయువకులను ఇళ్ళనుంచి పట్టుకుపోయారు, వారు తిరిగి రాలేదు. ప్రజాప్రభుత్వం వచ్చిన తరువాత పేరులేని సమాధులను తవ్వించబోతే, పనివారు పారలతోనూ యంత్రాలతోనూ తవ్వేసరికి ఎముకలు విరిగి, ఒకరివి మరొకరివాటితో కలిసిపోయాయి. కన్నవారి గోడు చెప్పనలవి కాదు. 1984లో అమెరికానుంచి ఎముకల శాస్త్రంలో ఆరితేరిన క్లైడ్ స్నో అనే పండితుడు వచ్చి, ఆంత్రోపాలజీ, పురావస్తుశాస్త్రం, వైద్యం చదువుకొంటున్న కుర్రవాళ్ళను కూర్చుకొని, పురాతన సమాధిని తవ్వే శ్రద్ధతో ఈ సమాధులు తవ్వడం నేర్పాడు. ఎదురుకాల్పులలో పోయారని కాగితాలలో వ్రాసినవారిలో దగ్గరనుంచి కాల్చి చంపబడ్డవారు ఉన్నారని ఎముకలే చెప్పాయి. 1985లో సేనానాయకుల విచారణలో స్నో సాక్ష్యం ఇచ్చాడు. దేశాన్ని ఏలిన విదేలాకు యావజ్జీవశిక్ష పడింది. ఆ కుర్రవాళ్ళ బృందం నేటికీ పనిచేస్తూ, ఎన్నో దేశాలలో ఈ విద్య నేర్పుతున్నది.

నేరస్థుడు తెలివిమీరితే? దానికీ ఒక ఉదాహరణ ఉన్నది. బోస్నియా దేశంలో స్రెబ్రెనిత్సా అనే ఊరు 1995 జూలైలో సేనల వశమైనప్పుడు సుమారు 8,000 మంది మగవారినీ బాలురనూ చంపి పెద్ద గోతులలో పూడ్చారు. గుట్టు బయటపడుతుందన్న భయంతో కొద్దినెలలకే యంత్రాలతో ఆ గోతులు తవ్వి, శవాలను వేరే గోతులకు తరలించారు. అయితే మన్నూ వెంట వచ్చింది! కోజ్లుక్ అనే చోట మొదటి గొయ్యి ఒక సీసాల కర్మాగారం దగ్గర ఉన్నది. అక్కడి పగిలిన ఆకుపచ్చ గాజుపెంకులూ, సీసాల లేబుళ్ళూ దూరాన ఉన్న రెండవ గోతిలో దొరికాయి. మన్ను రకం, పువ్వుల పుప్పొడి, కళ్ళకు కట్టిన గుడ్డపీలికలు, తూటాల తొడుగులు కూడ ఏ గోతినుంచి ఏ గోతికి తరలించారో చెప్పాయి. ఒకే మనిషి ఎముకలు రెండు మూడు గోతులలో దొరికితే, డీఎన్‌ఏ పరీక్షతో కలిపి ఇంటివారికి అప్పగించారు. హేగ్ నగరంలోని అంతర్జాతీయ యుద్ధనేరాల ట్రిబ్యునల్ 2001లో జాతిసంహారమని తీర్పు చెప్పినప్పుడు ఈ తవ్వకాల సాక్ష్యం కూడ దాని ముందున్నది.

మన దేశపు సంగతి చెప్పకపోతే వ్యాసం వెలితి. పంజాబులో అమృతసరు దగ్గర అజ్నాలా అనే ఊళ్ళో ఒక పాడుబడ్డ బావిలో 2014లో ఎన్నో అస్థిపంజరాలు బయటపడ్డాయి. వీరు 1947 అల్లర్లలో పోయినవారని కొందరు, 1857లో తిరుగుబాటు చేసి ఇంగ్లీషువారి చేతిలో ప్రాణాలు కోల్పోయిన సిపాయిలని కొందరు అన్నారు. ఊరివారు భక్తితోనే తవ్వారు, కాని నిపుణులు దగ్గర లేకపోవడంతో చాలా ఎముకలు దెబ్బతిన్నాయి, ఏది ఎక్కడ ఉండేదో తెలియకుండా పోయింది. అదృష్టవశాత్తు పళ్ళు మిగిలాయి. చిన్ననాడు తాగిన నీటి గుర్తు పంటిలో పదిలంగా ఉంటుందట! మన హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు తదితరులు పరీక్షలు చేసి, వీరు పంజాబువారు కారు, గంగాతీరపు వారని 2022లో ప్రకటించారు. ఆ సిపాయిల పటాలం ఆ ప్రాంతంవారిదే. నూట అరవై యేళ్ళ పైబడిన తరువాత వారి ఊరిదిక్కు తెలిసింది. పేర్లు మాత్రం ఇంకా తెలియలేదు.

ఇక సోదరిగారి ప్రశ్నకు మా యింటి జవాబు ఒకటి ఉన్నది. మా నాయనమ్మ అన్నగారు గోపాలపురం రేవులో ఓడెక్కి రంగూను వెళ్ళారు. 1942లో యుద్ధం వచ్చి మనవాళ్ళు కాలినడకన అడవులు దాటి వచ్చినప్పుడు ఆయన రాలేదు. దర్భబొమ్మతో కర్మ చేయించండని పెద్దలు చెప్పినా, “వాడు పోయాడని ఎవరు చూశారు?” అని నాయనమ్మ ఒప్పుకోలేదు. బ్రతికినంతకాలం వీథితలుపు చప్పుడైతే తల ఎత్తి చూసేది. ఇటువంటి యిల్లు మన సంఘంలో ఇంకొకటి లేదనగలమా? ఆమెకు కావలసినది శిక్షలూ కోర్టులూ కాదు, ఒక మాట. ఫలానాచోట ఉన్నాడని ఒక మాట. ఆ మాట చెప్పడానికే ఈ తాపీలూ జల్లెడలూ అని మా నమ్మకం.

కనుక ఒక మనవి. పునాది తీస్తున్నప్పుడో, బావి పూడిక తీస్తున్నప్పుడో ఎముక కనబడితే పార ఆపించండి. దేనినీ చేతబట్టకుండా, బయటకు తీయకుండా పోలీసువారికి కబురంపండి. అది వెయ్యేళ్ళనాటిదైనా కావచ్చును, ఎవరో తల్లి ఇంకా ఎదురుచూస్తున్న బిడ్డదైనా కావచ్చును.