సంతోషమునకు జంకెడు మనస్సు

ఇంట శుభకార్యము జరుగుచుండగా, పిల్లలు పందిరి క్రింద కేరింతలు కొట్టుచుండగా, చుట్టములందఱును ఆనందించుచున్న ఆ క్షణముననే, ఇంత సంతోషము వెనుక ఏ కీడు పొంచియున్నదో యని లోలోపల వణకెడువారు మన కోనసీమలో ఎందఱో కలరు. లోకము వీరిని పిరికివారనియో, విరాగులనియో తలచును. ఆ భీతికి మూలము తఱచుగా బాల్యముననే యున్నదని నా నిశ్చయము.

1996 నవంబరు 6వ తేది తుపాను రాత్రిని ఈ సీమ మఱవజాలదు. దీపావళి నాలుగు దినములలో రానుండగా, మతాబుల కొఱకు ఎదురుచూచుచున్న పసివారి కన్నుల యెదుటనే ఇండ్ల కప్పులు లేచిపోయెను, కొబ్బరితోటలు నేలగూలెను, వేటకు బోయిన మత్స్యకారులలో పెక్కండ్రు తిరిగి రారైరి. వేయిమందికి పైగా జనులు మరణించిరి. అంతకు ముందు సంవత్సరముననే పాశర్లపూడిలో గ్యాసుబావి అంటుకొని 60 దినములకు పైగా మండెను. 2014 జూన్ 27న ఈ సీమలోని నగరము అను గ్రామమున గ్యాసు గొట్టము ప్రేలి, తెల్లవాఱుజామున ఇండ్లనే దహించెను. ఇట్టి యుత్పాతములకు పెద్దలు కారణములు వెదకుదురు. పసిమనస్సు మాత్రము, నిన్న నేను నవ్వితిని గావుననే నేడిట్లయ్యెనని తనపైననే నేరము మోపుకొనును.

పత్రికల కెక్కని గాయము మఱియొకటి కలదు. రాజోలు, అమలాపురము ప్రాంతముల నుండి ఎందఱో తల్లులు కువైటు, మస్కటులకు ఇంటిపనులకై పోయి, అచ్చటి యజమానుల బిడ్డలను సాకుచు, తమ బిడ్డలను మామ్మలకో అమ్మమ్మలకో అప్పగించిరి. అప్పులు తీఱినవి, పెంకుటిండ్లు డాబాలైనవి. ఆ తల్లుల త్యాగమును నేను తక్కువ చేయను. అయితే, సెలవుమీద వచ్చిన తల్లి పెట్టె విప్పిన నాటి ఆనందము ఆమె తిరుగు టిక్కెట్టు తేదీతో ముగియునని యొకమాఱెఱిగిన బిడ్డ, మఱుసటి రాకకు గుమ్మము దగ్గఱకే పోకుండుట నేర్చును. “ఎలాగూ వెళ్ళిపోతావుగా” అని ముఖము త్రిప్పుకొనుట పొగరు కాదు. రాబోవు దుఃఖమును తప్పించుకొనుటకై చేతనున్న సంతోషమును ముందుగనే త్యజించుట. ఆ బిడ్డ పెరిగి పెద్దయై, వివాహమాడి, మంచి కొలువు సంపాదించినను ఆ యలవాటు విడువదు. తాగివచ్చు తండ్రి అడుగుల చప్పుడుకు నవ్వులాగిపోయెడి యింట పెరిగినవారి గతియు నిట్టిదే.

మనస్తత్త్వ శాస్త్రజ్ఞులును దీనిని పరిశీలించిరి. మొహ్సెన్ జోషన్‌లూ అను పండితుడు 2013లో సంతోషభీతిని కొలుచు ప్రశ్నావళిని ప్రకటించి, పిమ్మట పలుదేశములవారిని విచారించి, బాల్యము దుఃఖమయమని చెప్పినవారియందును ఏకాకులయందును ఈ జంకు హెచ్చుగా నున్నదని తేల్చెను.

ఇది మన పెద్దలు బోధించిన నిగ్రహమే కదా యని కొందఱనవచ్చును. కాదు. స్థితప్రజ్ఞుడు సుఖము ననుభవించియు చలింపడు; భయపడినవాడు దానిని రుచిచూడనే చూడడు. “నవ్వు నాలుగు విధాల చేటు” అని బిడ్డల నోరు నొక్కెడు పెద్దలును ఒకనాడు భయపడిన పిల్లలే కావచ్చును. వారిని నిందింపను, గాని ఆ భయమును మనుమలకు ఆస్తివలె పంచి యీయవలదని వేడుచున్నాను.

తల్లులారా, బిడ్డ నిద్రించుచుండగా దొంగచాటుగా కారెక్కి విమానమునకు పోకుడు. పోవు దినమును ముందే చెప్పుడు, వీడ్కోలునాడు వానిని తనివితీర ఏడ్వనిండు, ఫోనులో మాటలాడుదునన్న వేళను తప్పకుడు. ఇంటనున్న పెద్దలారా, నవ్వుచున్న బిడ్డను హెచ్చరింపకుడు. పెద్దవారైనను ఈ జంకుతో నలుగుచున్నవారు దానిని తమ ప్రారబ్ధమని మ్రింగుకొని యుండనక్కఱలేదు: ప్రభుత్వము నడుపుచున్న మానసికారోగ్య సేవయగు టెలిమానస్ వారి 14416 నంబరుకు రేయింబవళ్లు ఏ వేళనైనను రుసుము లేకుండ ఫోను చేసి, తెలుగుననే తమ బాధ చెప్పుకొనవచ్చును.