ఇంజన్ ఆపాలా, వద్దా?

సెలవుల నుంచి వచ్చినప్పట్నుంచీ మన హాస్టల్లో ఒకటే వాదన. గోదావరిలో వల వేసేటప్పుడు పడవ ఇంజన్ ఆపాలని కొందరు, అక్కర్లేదని కొందరు.

ఆపాలనే నేనంటాను. చప్పుడు గాలిలో సెకనుకి సుమారు 340 మీటర్లు పోతే, నీళ్ళలో సుమారు 1500 మీటర్లు పోతుంది. చేపకి చెవి బయటికి కనబడదు గానీ లోపల ఉంది. ఒంటి పక్కన ఉండే గీతతో నీటి కదలిక కూడా పట్టేస్తుంది. వల పడకముందే దానికి కబురు అందుతుందన్నమాట! పైగా వల తాడు ఫ్యానుకి చుట్టుకుంటే ఆ పూట పని అయినట్టే. డీజిల్ ఖర్చు సరేసరి.

"మా నాన్న ఆపడు, అయినా చేపలు పడుతున్నాయిగా" అంటారు. పడతాయి, కాదనను. రోజూ వినే చప్పుడికి అవీ కొంత అలవాటు పడతాయి.

అయితే ఎర్రనీళ్ళు వచ్చినప్పటి సంగతి వేరు. కచ్చులూరు దగ్గర 2019 సెప్టెంబరు 15న పర్యాటకుల పెద్ద బోటే మునిగిపోయింది. అలాంటి చోట ఇంజన్ ఆపి మళ్ళీ స్టార్టు చేసేలోపు పడవ ఎక్కడికి కొట్టుకుపోతుందో! అసలు ఆ రోజుల్లో నడిమధ్యకి పోకూడదు. పోతే మాత్రం ఆపొద్దు. వలలకి అప్పులు తెచ్చేవాళ్ళున్నారు గానీ లైఫ్ జాకెట్ కొన్నవాళ్ళేరీ? ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు నాన్నని ఆ మాట అడగండి.