ఇంజనుకు కొత్త మెదడు

మోటారుకారు ఇంజను నడవటానికి గాలి, పెట్రోలు, నిప్పురవ్వ కావాలని మీకు తెలుసు. అయితే ఈ మూడూ ఉన్నంత మాత్రాన చాలదు. పెట్రోలు ఎంత పడాలో అంతే పడాలి. నిప్పురవ్వ ఎప్పుడు పుట్టాలో అప్పుడే పుట్టాలి.

పూర్వం ఈ పనులు కార్బురేటరూ, డిస్ట్రిబ్యూటరూ చేసేవి. వాటిలో ఉండేవల్లా సన్నని రంధ్రాలూ, స్ప్రింగులూ, బరువులూను. 1967లో జర్మనీవారి ఫోక్స్‌వాగన్ 1600 కారులో పెట్రోలు కొలిచే పనిని బాష్ కంపెనీ తయారుచేసిన ఒక ఎలక్ట్రానిక్ పెట్టెకు అప్పగించారు. 1979లో బి.ఎం.డబ్ల్యూ. 732ఐ కారులో పెట్రోలునూ, నిప్పురవ్వనూ కూడా ఒకే పెట్టె చూసుకోసాగింది. ఇప్పటి పెట్రోలు కార్లలో ఇలాటి పెట్టె ఉండనే ఉంటుంది.

కాని కంపెనీ పెట్టెకు తన ఇంజను లెక్కలే తెలుసు. పాతకారులో వేరే ఇంజను పెట్టినా, ఉన్న ఇంజనుకు టర్బో తగిలించినా ఆ లెక్కలు తప్పుతాయి. అప్పుడు దాన్ని తీసేసి, మనం చెప్పినట్టు వినే స్వతంత్రమైన పెట్టెను పెడతారు. అమెరికాలో బౌలింగ్, గ్రిప్పో అనే ఇద్దరు రూపొందించిన మెగాస్క్విర్ట్ ఇలాటిదే. దాని విడిభాగాలు తెచ్చుకుని ఇంట్లో టంకం పెట్టుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. (మన దేశంలో రోడ్డు మీద తిరిగే కారును కంపెనీ చేసినదానికి భిన్నంగా మార్చటానికి మోటారు వాహనాల చట్టం ఒప్పదు. కనక ఇది పందెపు కార్ల సంగతి అనుకోండి.)

ఇంజను ఏ క్షణాన ఎక్కడ ఉన్నదీ పెట్టెకు ఎలా తెలుస్తుంది? క్రాంకు కడ్డీకి ఒక పళ్ళ చక్రం ఉంటుంది. 36 పళ్ళకు చోటు చేసి, ఒక పన్ను తీసేస్తారు. పక్కనే ఉన్న సెన్సారు ఒక్కొక్క పన్నూ లెక్కపెడుతుంది. పన్నుకు పది డిగ్రీలు. జపమాల తిప్పేవాళ్ళకు మేరుపూస తగలగానే ఒక చుట్టు అయిందని తెలుస్తుంది గదా! ఆ ఖాళీ కూడా అంతే. నిముషానికి 6000 చుట్లు తిరిగే నాలుగు సిలిండర్ల ఇంజనులో సెకనుకు 200 సార్లు నిప్పురవ్వ పుట్టాలి. లెక్క వేసి చూడండి: ఒక్కొక్క సిలిండరుకు రెండు చుట్లకొక రవ్వ.

కనక పెట్టె కొనేటప్పుడు, అది మీ చక్రం పళ్ళు చదవగలదా అన్నది మొదటి ప్రశ్న. మీకున్న ఇంజెక్టర్లనూ, కాయిళ్ళనూ నడపగలదా అన్నది రెండోది. ఆ పెట్టె సంగతి తెలిసినవాళ్ళు దగ్గరలో ఉన్నారా అన్నది మూడోది. నన్నడిగితే ఈ మూడోదే ముఖ్యం. వంద విద్యలున్న పెట్టె కన్న, అడిగితే చెప్పే మనిషి ఉన్న పెట్టె మేలు.

పెట్టె లోపల ఎక్కాల పుస్తకంలాటి పట్టికలు ఉంటాయి. అడ్డంగా ఇంజను వేగం, నిలువుగా గాలి ఒత్తిడి. పదహారు వరసలూ, పదహారు నిలువు గళ్ళూ అయితే మొత్తం 256 గళ్ళు. పెట్రోలుకొక పట్టిక, నిప్పురవ్వకొక పట్టిక. వీటిని సరిగా నింపటమే ట్యూనింగు.

పెట్రోలు మండటానికి కొంచెం వ్యవధి పడుతుంది. అందుకని పిస్టను పైకి చేరకముందే రవ్వ వేస్తారు. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు పది డిగ్రీలు ముందు వేస్తే చాలితే, వేగంలో ముప్ఫై కావలసి రావచ్చు. మరీ ముందు వేస్తే మిగిలిన మిశ్రమం తనంతట తానే భగ్గున అంటుకుంటుంది. ఇంజనులో సుత్తితో కొట్టినట్టు టకటక వినిపిస్తుంది. ఇది ముదిరితే పిస్టను చిల్లి పడవచ్చు! అందుకే మొదట పెట్రోలు కాస్త ఎక్కువగానూ, రవ్వ కాస్త ఆలస్యంగానూ పెట్టి, ఒక్కొక్క మెట్టే సరిచేస్తారు. అంతకన్న ముందు, పెట్టె పది డిగ్రీలంటే నిజంగా పది డిగ్రీలేనా అని టైమింగు లైటుతో చూసుకోవాలి. అది తప్పితే పట్టిక అంతా అబద్ధమే.

ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండటానికి బరువులో 14.7 పాళ్ళ గాలి కావాలి. పొగగొట్టంలో అమర్చిన ఆక్సిజను సెన్సారు ఈ పాళ్ళు చెబుతుంది. ఇంజను బలమంతా వాడేటప్పుడు 12.5కు దగ్గరగా ఉంచుతారు. అప్పుడు బలమూ వస్తుంది, వేడీ తగ్గుతుంది. ఇథనాలు ఒక పాలు మండటానికి 9 పాళ్ళ గాలే చాలు. అందుచేత ఇథనాలు కలిసిన పెట్రోలు పోస్తే ఇంజెక్టర్లు మరికొంత ఎక్కువ వదలాలి. ఈ పని చేసేటప్పుడు కారు నడిపేవాడొకడూ, కంప్యూటరు చూసేవాడొకడూ ఉండాలి. రెండూ ఒకడే చేయబోవటం ప్రమాదం.

అన్నిటికన్న విసుగు పుట్టించేది చల్లటి ఇంజనును లేపటం. చల్లగా ఉన్నప్పుడు పెట్రోలు సరిగా ఆవిరి కాదు గనక ఎక్కువ పొయ్యాలి. ఎంత ఎక్కువ అన్నది చూద్దామంటే, ఒకసారి లేచిన ఇంజను వేడెక్కిపోతుంది. అంకె మార్చుకుని, మళ్ళీ మర్నాడు పొద్దున దాకా ఆగాలి.