గోండు వర్సెస్ కోయ గేముకి మేము బొమ్మలు గీయం



వారం నుంచి మన గ్రూపులో ఒక గేము గురించి చర్చ నడుస్తోంది కదా. పట్నంలో బీటెక్ చదివే మన సీనియర్ అన్నలు కొందరు ఆన్‌లైన్ మల్టీప్లేయర్ గేము చేస్తారంట. గోండు, కోయ, కొండరెడ్డి, సవర అని నాలుగు ఫ్యాక్షన్లు. (ఫ్యాక్షన్ అంటే సీమ సినిమాల్లో సుమోలు కాదు, గేముల్లో జట్టుని అలా అంటారు.) ఎక్కువ కొండలు పట్టుకున్నోళ్ళు గెలిచినట్టు. కొండ దొరికితే కలప, బాక్సైట్, బంగారం వస్తాయి. వాటితో ఆయుధాలు కొని పక్క తెగ మీద పడాలి. గుస్సాడి నెమలి టోపీలు, కొమ్ములు, డోళ్ళు మాత్రం మన హాస్టల్ పిల్లలు గీసివ్వాలంట. "మన పేరు ప్రపంచానికి తెలుస్తుంది" అంటున్నారు.

మేము గీయం. ఎందుకో చెప్తాం, కోపమొచ్చినా చివరిదాకా చదవండి.

"గేమే కదా" అనే మాట మాకు నచ్చదు. బొమ్మలు పైపూత, అసలు గేము రూల్స్‌లో ఉంటుంది. భూమి ఎవరిది, ఎలా చేతులు మారుతుంది, పన్ను ఎవరు కడతారు, సంపద ఎక్కడ పుడుతుంది, ఇవి రాసినోడే ఆ లోకానికి సర్కారు. ఐస్‌లాండ్ కంపెనీ 2003లో తెచ్చిన ఈవ్ ఆన్‌లైన్ చూడండి. అంతరిక్షంలో ఓడల గేము. నక్షత్ర మండలాల్ని జట్లు సొంతం చేసుకుంటాయి, దానికి బిల్లు కట్టాలి. 2014 జనవరిలో ఒక చోట బిల్లు కట్టకపోవడంతో హక్కు పోయింది, శత్రువులు దిగిపోయారు. 21 గంటల యుద్ధం, 75 టైటాన్ ఓడలు బూడిద. నిజం డబ్బు లెక్కలో 3 లక్షల డాలర్ల దాకా పోయిందన్నారు.

అందరూ ఆ యుద్ధం గురించే చెప్తారు. మాకు పట్టింది ఇంకోటి. అక్కడ పెద్ద జట్లు తాము ఉండని మండలాల్ని కూడా పట్టుకుని చిన్న జట్లకి నెలనెలా కౌలుకిచ్చాయి. గేములో జమీందారు అనే పాత్రని ఎవరూ పెట్టలేదు. రూలే జమీందారుని కన్నది! 2015లో కంపెనీ రూలు మార్చింది. ఒక చోట నిజంగా తవ్వుకుంటూ, తిరుగుతూ ఉన్న జట్టు నుంచి ఆ చోటు లాక్కోవడం కష్టం, ఊరికే పట్టుకుని కూర్చున్నదైతే తేలిక. పోడు పట్టాల కోసం 2006 అటవీ హక్కుల చట్టం కాగితాలు పట్టుకుని తిరిగిన ఇళ్ళ నుంచి వచ్చాం, ఆ తేడా విలువ మాకు వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మన అన్నల మ్యాపులో ఎవరు లేరో చూడండి. షావుకారు లేడు. ఫారెస్టు గార్డు లేడు. కల్లు కాంట్రాక్టరు లేడు. 1879లో రంప ఎందుకు లేచింది? గీసుకునే జీలుగు కల్లు మీద పన్ను, పోడు మీద ఆంక్షలు, అప్పు పేరుతో సొత్తు ఊడ్చుకుపోయే కింది వ్యాపారులు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీంని చంపింది నిజాం పోలీసులు, పక్క తెగోళ్ళు కాదు. ఊరి పొలిమేర తగాదాలు మన దగ్గరా ఉన్నాయి, లేవనం. కానీ అటువైపు నిలబడ్డ అసలు మనుషుల్ని తీసేసి మనల్ని మనకే ఎదురు నిలబెడితే అది ఎవరి కథ? తెగకీ తెగకీ మధ్య మాటలు ఎలా పెరుగుతున్నాయో ఈ గ్రూపులోనే చూస్తున్నాం. దాన్ని సెల్లులో రోజూ రెండు గంటలు ప్రాక్టీస్ చేయించాలా?

ఎకానమీ సంగతి మరీ అన్యాయం. నొక్కితే బంగారం వస్తుందంట. చింతపండు దులిపి, గింజ తీసి, ఎండబెట్టి, సంతకి మోసుకెళ్తే కాటా దగ్గర ఎంత పోతుందో మా అమ్మల్ని అడగండి. ఆ కాటా పెట్టండి గేములో. 1/70 పెట్టండి, అంటే గిరిజనేతరుడికి చేతులు మారని భూమి. 1997 సమత తీర్పు పెట్టండి, అంటే సర్కారు కూడా ప్రైవేటు కంపెనీకి గని లీజుకివ్వలేదు. గ్రామసభ చెయ్యెత్తకుండా కొండ తెరుచుకోకూడదు. అప్పుడు చూడండి, బినామీ పేర్లు, దొంగ అగ్రిమెంట్లు ఆడేవాళ్ళే కనిపెడతారు, ఈవ్‌లో కౌలు కనిపెట్టినట్టే. వాటిని పట్టుకోవడానికి నాలుగు తెగలూ కలవాల్సి వస్తుంది.

"అలాగైతే బోరు, ఎవడూ ఆడడు" అని ఒక అన్న రాశాడు. ఈవ్‌లో బిల్లులు, కౌళ్ళు, సంత ధరలు చూసుకుంటూ జనం 20 ఏళ్ళకు పైగా ఆడుతున్నారన్నా. ఆ లెక్కలు చూడ్డానికి 2007లో కంపెనీ ఏకంగా ఒక ఆర్థికవేత్తని ఉద్యోగంలో పెట్టుకుంది.

మా హాస్టల్లో బొమ్మలు బాగా గీసేవాళ్ళు ఆరుగురున్నారు, కోడింగ్ నేర్చుకునేవాళ్ళు ఇద్దరు. రూల్స్ రాసే రోజు పిలవండి, నోటుబుక్కులు పట్టుకుని వస్తాం. రూల్స్ అయిపోయాక రంగులెయ్యడానికి పిలిస్తే ఒక్కరం కూడా రాం.