వాటర్‌ప్రూఫ్‌కి గమ్ తప్పదా? ఈ ఆర్మీ ట్రక్కుని అడగండి

"నీళ్లు తట్టుకోవాలంటే బ్యాటరీ, బ్యాక్ ప్యానెల్ గమ్‌తో అతికించాల్సిందే" అనే మాట నేనైతే నమ్మను. కారణం డాడ్జ్ ఎం37.

1951 నుంచి 1968 వరకు అమెరికా సైన్యం కోసం తయారైన ముప్పావు టన్ను ఫోర్-వీల్ డ్రైవ్ పికప్ ఇది. ఇక్కడ డాలస్‌లో మా కొలీగ్ ఒకటి బాగుచేస్తున్నాడు, వీకెండ్స్‌లో నేనూ స్పానర్ పడుతున్నా. వాగులు దాటాల్సిన బండి కాబట్టి ఇగ్నిషన్ మొత్తం వాటర్‌ప్రూఫ్. కాయిల్ కూడా డిస్ట్రిబ్యూటర్ లోపలే. ప్లగ్ వైర్లు మర తిప్పి బిగించే రకం. మూతకి స్క్రూలు, కింద సీల్. గమ్ చుక్క లేదు! పాయింట్స్ అరిగితే విప్పి మార్చి, కొత్త సీల్ వేసి బిగించేయడమే. ఎలా విప్పాలో బొమ్మలతో సహా ఆర్మీ మాన్యువల్ టీఎం 9-8030లో ఉంది.

అలాగని బండిని నెత్తిన పెట్టుకోను. 78 హార్స్‌పవరే. బ్రేకులది ఒకే సర్క్యూట్, ఒక్క పైపు లీకైతే నాలుగు చక్రాలకీ బ్రేక్ గోవిందా. అందుకే పెయింట్ జోలికి పోకుండా ముందు వీల్ సిలిండర్లు, హోస్‌లు మార్చాం. స్క్రూలు పెడితే ఫోన్ కాస్త లావవుతుందన్నదీ నిజమే. నాకు ఓకే.

యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి అమలైన ఎకోడిజైన్ రూల్స్ కూడా ఇక్కడ మెత్తబడ్డాయి. ఫోన్ నీళ్లు తట్టుకుని, 1000 సైకిళ్ల తర్వాత బ్యాటరీ 80 శాతం నిలిస్తే, దాన్ని యూజర్ మార్చుకునేలా చేయక్కర్లేదట.

కనీసం మన రివ్యూల్లో ఐపీ68 పక్కనే, బ్యాటరీ మార్చడానికి ఎంత టైమ్, ఎంత ఖర్చో రాద్దాం.